మెట్ల దగ్గర పిల్లల గేటు ఇంట్లోనే చేసుకోవడం ఎలా: గట్టిగా ఉండాలి, చూడటానికీ బాగుండాలి

మా చిన్నది దోగాడడం మొదలుపెట్టిన వారానికే పై అంతస్తులో మెట్ల అంచు దాకా వెళ్ళి కిందికి తొంగిచూసింది. అప్పటిదాకా మా ఇంట్లో మెట్లకు అడ్డం అంటే మా అమ్మ తెచ్చి పెట్టే ప్లాస్టిక్ కుర్చీ, దాని వెనక ఒక బియ్యం బస్తా. మరో వారానికి అది ఆ కుర్చీనే పట్టుకుని నిలబడి ముందుకు తోయడం నేర్చుకుంది. ఇక టెన్షన్ తట్టుకోలేక ఆన్‌లైన్‌లో ఒక గేటు తెప్పించాం. గోడకు రంధ్రం అక్కర్లేదు, రెండు పక్కలా మరలు తిప్పి బిగిస్తే చాలు అనే రకం.

అది మా ఇంటికి కుదరలేదు. ఇలాంటి గేట్లు ఎక్కువగా 75 నుంచి 85 సెంటీమీటర్ల వెడల్పుకు వస్తాయి, మా మెట్ల దారి 42 అంగుళాలు, అంటే దాదాపు 107 సెంటీమీటర్లు, దానికి విడిగా అదనపు ముక్క కొనాలి. అది తగిలించినా కింద స్కర్టింగ్ టైలు గోడ కంటే అర అంగుళం ముందుకు ఉంటుంది కాబట్టి కింది మరలు ఒకలా, పై మరలు ఇంకోలా బిగుసుకున్నాయి, నేను మోకాలితో ఒక్క తోపు తోస్తే నునుపు పెయింట్ మీద జారిపోయింది. పైగా ఈ రకానికి కింద నేలకు ఆనుకుని ఒక కడ్డీ ఉంటుంది. పిల్లను ఎత్తుకుని మెట్లు దిగబోయే మనిషి కాలికి అదే తగులుతుంది. అందుకని ఈ రకం గేటు కావాలంటే మెట్ల కింద పెట్టుకోండి, పైన మాత్రం వద్దు. పైన పెట్టేది గోడకు స్క్రూలతో దిగ్గొట్టిందే అయ్యుండాలి.

నేను చేసింది టేకు గేటు. మీ దారి వెడల్పు వేరే ఉండొచ్చు కానీ లెక్క ఒక్కటే కాబట్టి మా కొలతలే చెబుతాను.

ముందు గోడల మధ్య దూరం మూడు చోట్ల కొలవండి, నేల దగ్గర, మధ్యలో, పైన. మూడూ ఒకటే వస్తే మీ మేస్త్రి మంచివాడు. మాకు కిందికీ పైకీ పావు అంగుళం తేడా వచ్చింది. గుండు వేలాడదీసి ఏ గోడ వాలిందో చూసుకుని, అన్నిటికన్నా తక్కువ కొలతనే లెక్కలోకి తీసుకోండి. రెండు పక్కలా గోడకు ఒక్కో నిలువు చెక్క వస్తుంది, మూడు అంగుళాల వెడల్పు, ఒకటిన్నర మందం. 42లో ఆ రెండూ పోగా 39. బందుల వైపు పావు అంగుళం, గడియ వైపు అర అంగుళం సందు వదిలితే గేటు వెడల్పు 38 పావు. ఆ అర అంగుళం ఎందుకు, పావు చాలదా అని మా కార్పెంటర్ అడిగాడు, నేనూ సరే అని మొదట పావే వదిలాను. ఎండాకాలంలో చేసిన గేటు ఆగస్టు వానలకు ఉబ్బి పట్టేసింది, మళ్ళీ ఊడదీసి చిత్రిక పట్టాల్సి వచ్చింది.

గేటు ఎత్తు 31 అంగుళాలు, నేలకూ గేటుకూ మధ్య ఒకటిన్నర అంగుళం. ఆ కింది సందు రెండంగుళాలు దాటకూడదు, దాటితే పిల్లలు కాళ్ళు ముందుగా పెట్టి కిందినుంచి దూరడానికి చూస్తారు.

చట్రానికి రెండు నిలువు చెక్కలు (వెడల్పు 2 అంగుళాలు, మందం ఒకటింబావు), పైనా కిందా రెండు అడ్డ చెక్కలు (వెడల్పు రెండున్నర, అదే మందం). మధ్యలో నిలువు బద్దలు, ఒక్కోటి ఒకటిన్నర వెడల్పు, ముప్పావు మందం. బద్దల మధ్య సందే అసలు విషయం. పిల్లల ఊయల మంచాలకు అమెరికాలో పెట్టిన పరిమితి 60 మిల్లీమీటర్లు, అంటే రెండంగుళాల మూడు నూళ్ళ లోపు (నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు). తల ఇరుక్కోకుండా, ఒళ్ళు దూరకుండా ఉండటానికి ఆ లెక్క. నేను రెండుంపావు దాటకూడదని పెట్టుకున్నాను. చట్రం లోపలి వెడల్పు 34 పావు, తొమ్మిది బద్దలు వేస్తే పదమూడున్నర అంగుళాలు బద్దలకే పోతుంది, మిగతా దాన్ని పది సందులకు పంచితే రెండంగుళాల మీద పిసరంత వస్తుంది. బిగించేటప్పుడు ప్రతి సందునూ టేపుతో కొలుస్తూ కూర్చోకండి, సరిగ్గా ఆ సందు వెడల్పుకు ఒక చెక్క ముక్క కోసుకుని బద్దకూ బద్దకూ మధ్య పెట్టి బిగిస్తూ పోతే చాలు.

అడ్డంగా మధ్యలో ఇంకేమీ పెట్టకండి. మూలనుంచి మూలకు వాలు బద్ద వేస్తే గేటు వంగదని కార్పెంటర్లు చెబుతారు, నిజమే, కానీ ఆ వాలు బద్దే పిల్లకు నిచ్చెన. ముగ్గు డిజైనులో జాలీ కోయిద్దామని మా ఆవిడ చాలా ముచ్చటపడింది, ఫోన్‌లో చూస్తే నిజంగానే అద్భుతంగా ఉంది, కానీ ఆ జాలీలో ప్రతి చుక్కా వేలు పట్టుకునే చోటు, ప్రతి గీతా కాలు పెట్టుకునే చోటు. చివరికి ముగ్గు పై అడ్డ చెక్క మీద రంగుతో వచ్చింది, కోతతో కాదు. బద్దల కొనలు పై చెక్క దాటి పైకి పొడుచుకు రాకూడదు కూడా. కంచెలా కోసుగా ఉంటే అందంగా ఉంటుంది కానీ మెడలో గొలుసో గౌను మెడో దానికి తగులుకుంటే ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించండి.

చెక్క సంగతి. ఈ కొలతలకు నికరంగా అర ఘనపుటడుగు మీద కొంచెం అవుతుంది, తరుగు కలుపుకుని ముప్పావు ఘనపుటడుగు అడగండి, టింబర్ డిపోలోనే కోయించి మెషిన్ పట్టించుకుంటే సగం పని అక్కడే అయిపోతుంది. టేకు గేటు ఏడెనిమిది కిలోలు తూగుతుంది. ఖర్చు తగ్గాలంటే పాత ఇళ్ళు కూల్చిన చోట దొరికే కిటికీ చట్రాలు వెతకండి, ఏళ్ళ తరబడి ఆరిన చెక్క, పచ్చి చెక్కంతగా ఉబ్బదు, వంగదు. కాకపోతే లోపల దాక్కున్న మేకులు రంపం పళ్ళు తీసేస్తాయి, అయస్కాంతం ఒకటి పట్టుకెళ్ళండి. రంగు వేసిన పాత చెక్క మాత్రం వద్దు. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ, దాన్ని గీకితే వచ్చే దుమ్ము పిల్లలున్న ఇంట్లో ఉండకూడనిది. మనదేశంలో ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, కాబట్టి స్టోర్ రూములో అంతకు ముందునుంచీ పడున్న డబ్బా కూడా తెరవద్దు.

చట్రం నాలుగు మూలలూ ఫెవికాల్, స్క్రూలు రెండూ వేసి బిగించాలి. జిగురు ఆరకముందే మూలమట్టం పెట్టి చూడండి, ఆ తర్వాత ఈ మూలనుంచి ఆ మూలకు, ఆ మూలనుంచి ఈ మూలకు టేపుతో కొలవండి, రెండూ సమానం కాకపోతే పొడుగ్గా ఉన్న మూలలను కాస్త నొక్కండి. వాలు బద్ద లేని గేటు నిలబడేది ఈ నాలుగు అతుకుల మీదే. చెక్కలో గుంట తీసి రెండో చెక్క కొస అందులోకి దిగేలా చేసే పాతకాలపు అతుకు మీ కార్పెంటర్‌కు వస్తే అదే చేయించుకోండి, స్క్రూల కంటే ఎన్నో రెట్లు నయం. ఒక రాత్రి ఆరనిచ్చి బద్దలు బిగించండి. బద్దలు పిల్ల ఉండే వైపు రావాలి, అడ్డ చెక్కలు మెట్ల వైపు ఉండాలి, అలా అయితే పిల్లకు కాలు ఆనించే అంచు దొరకదు. స్క్రూలు వెనకనుంచి వేయండి, ముందు సన్న రంధ్రం వేసుకోకపోతే టేకు బద్ద చివర పగులుతుంది.

ఇప్పుడు గోడ. గేటు ఎంత బాగా చేసినా గోడకు పట్టు లేకపోతే వృథా. డ్రిల్ పెట్టే ముందు చుట్టూ ఒకసారి చూడండి. మెట్ల పైన టూ-వే స్విచ్ ఉండే ఇళ్ళే ఎక్కువ, ఆ బోర్డు నుంచి కరెంటు పైపు గోడలో నిలువుగా పైకో కిందికో పోతుంది, బోర్డుకు సరిగ్గా పైనా కిందా రంధ్రం వేయకండి. గోడ అవతల బాత్రూం ఉంటే నీళ్ళ పైపులు ఎటు పోయాయో కనుక్కోండి. డ్రిల్ దిగేటప్పుడు రాలే పొడిని చూస్తే గోడ తెలుస్తుంది. ఎర్ర పొడి ఇటుక. ఎంత నొక్కినా దిగకపోతే కాంక్రీటు, అది ఇంకా మంచిది. తెల్లటి పిండిలాంటి పొడి రాలుతూ వెన్నలో దిగినట్టు దిగితే లైట్‌వెయిట్ బ్లాకు, దానికి మామూలు గిట్టీలు (స్క్రూ పట్టడానికి రంధ్రంలో దూర్చే తొడుగులు) పట్టవు, ఆ బ్లాకులకని అమ్మేవి అడిగి తెచ్చుకోండి, డ్రిల్ కూడా సుత్తి మోడ్ ఆపేసి వేయండి. ఇటుక గోడకు నేను 10 ఎంఎం లావు, 100 ఎంఎం పొడవు, నైలాన్ తొడుగుతో వచ్చే స్క్రూలు వాడాను, ఒక్కో నిలువు చెక్కకు నాలుగు. చెక్క మందం, ప్లాస్టరింగ్ పోను ఇటుకలోకి దిగేది రెండంగుళాలే, ఇంకా పొడవైనవి దొరికితే అవే తీసుకోండి. స్కర్టింగ్ ఉన్న మేర చెక్క వెనక భాగం ఉలితో చెక్కేస్తే చెక్క గోడకు సాపుగా ఆనుతుంది.

ఒక పక్క గోడ కాకుండా స్టీలు రైలింగ్ ఉంటే నిలువు చెక్కను ఆ చివరి పైపుకు మూడు యూ-క్లాంపులతో బిగించండి, మధ్యలో పాత సైకిల్ ట్యూబు ముక్క పెడితే జారదు, గీతలూ పడవు. రైలింగ్‌లోని గాజుకు మాత్రం ఏదీ తగిలించొద్దు. అద్దె ఇంట్లో అయితే రంధ్రాలకు ముందు ఓనరుగారితో ఒక మాట.

అన్నిటికంటే ముఖ్యమైన చిట్కా ఇప్పుడు చెబుతాను. గేటు ఉన్న ఇళ్ళలో కూడా జరిగే అసలు పొరపాటు ఏమిటంటే పెద్దవాళ్ళు దాన్ని తీసి వేయకుండా పోవడం. బట్టల బుట్ట చేతిలో ఉంటుంది, కింద కుక్కర్ విజిల్ వేస్తుంది, ఎవరు వెనక్కి తిరిగి గడియ వేస్తారు? కాబట్టి గేటు దానంతట అదే మూసుకోవాలి. స్ప్రింగు బందులు ఉన్నాయి కానీ అవి ఠపీమని కొడతాయి, చిన్న వేళ్ళు నలుగుతాయి. నేను చేసింది ఇది: బందులుండే నిలువు చెక్కను ముందు గుండు పట్టి నిటారుగా చూసుకుని, తర్వాత పై స్క్రూ దగ్గర గోడకూ చెక్కకూ మధ్య సన్‌మైకా ముక్కలు నాలుగు పెట్టి, దాని కింది స్క్రూ దగ్గర మూడు, ఆ కిందిదానికి ఒకటి పెట్టి బిగించాను. అంటే చెక్క పైభాగం గడియ వైపు నాలుగు మిల్లీమీటర్లు వాలింది. కంటికి తెలియదు కానీ గేటుకు తెలుస్తుంది, వదిలేస్తే మెల్లగా తన బరువుకు తానే వచ్చి మూతపడుతుంది. బందులు నాలుగంగుళాలవి రెండు చాలు.

గేటు ఎప్పుడూ గది వైపే తెరుచుకోవాలి, మెట్ల మీదికి కాదు. అందుకు బందులు గది వైపు వేసి, గడియ వైపు నిలువు చెక్కకు మెట్ల పక్కన పైనుంచి కింద దాకా ముప్పావు అంగుళం బద్ద ఒకటి కొట్టండి, గేటు వచ్చి దానికి ఆని ఆగుతుంది. గడియ పడకపోయినా పిల్ల తోస్తే మెట్ల వైపు తెరుచుకోదు. గడియ మాత్రం మెట్ల వైపే, పై అంచుకు దగ్గరగా, ఎత్తితే తెరుచుకుని వదిలితే దానంతట అదే పడే రకం. పెద్దవాళ్ళు పైనుంచి చేయి వేసి ఒంటిచేత్తో తీయగలగాలి. టవర్ బోల్టు వద్దు, మూసిన ప్రతిసారీ గుర్తుపెట్టుకుని తోయాలి.

ఇక అందం. 80, 120, 220 నంబర్ల ఉప్పు కాగితం వరసగా పట్టి, ముఖ్యంగా అంచులన్నీ గుండ్రంగా చేయండి. పళ్ళు వచ్చే పిల్లలు పై చెక్కను కొరుకుతారు, మాది దాని మీద శాశ్వతంగా సంతకం చేసింది. నీళ్ళతో కలిపే పీయూ (పాలీయురేథేన్) పాలిష్ రెండు మూడు పూతలు వేసి వాసన పూర్తిగా పోయాకే బిగించండి. మాది చెక్క రంగులోనే వదిలేసి, పై చెక్క మీద తెల్ల మెలికల ముగ్గు ఒక వరస, మధ్య బద్ద ఒక్కదానికి ఏటికొప్పాక బొమ్మల ఎరుపు లాంటి రంగు వేశాం. తొమ్మిదింటికీ తొమ్మిది రంగులు వేస్తే బడి గేటులా ఉంటుంది, నా మాట వినండి. పూసలు, గుండీలు, బొమ్మ తలలు అతికించకండి, ఊడితే నోట్లోకే వెళ్తాయి.

బిగించాక మీ బరువంతా వేసి రెండు వైపులా తోసి చూడండి, నెలకోసారి స్క్రూలు తిప్పి చూడండి. పిల్ల గేటు ఎక్కడానికి కాలు లేపిన రోజున, లేదా గడియ తీయడం తెలిసిన రోజున గేటు తీసేయాలి, మామూలుగా రెండేళ్ళ వయసుకు కాస్త అటూ ఇటూగా ఆ రోజు వస్తుంది. ఆ తర్వాత కూడా ఉంచితే పైనుంచి దూకడం వల్ల వచ్చే ప్రమాదమే ఎక్కువ. గోడ రంధ్రాలకు పుట్టీ పెట్టి రంగు వేస్తే అరగంట పని. మా గేటు ఇప్పుడు డాబా మీద చిక్కుడు పాదుకు ఊతంగా నిలబడి ఉంది, ఎర్ర బద్ద మాత్రం వెలిసిపోలేదు.