పగడాల తొట్టెలో నీటి ప్రవాహం: పంపులను ఎంచుకునే పద్ధతి

పంపు పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసిన "గంటకు ఇన్ని లీటర్లు" అన్న అంకెను తొట్టె పరిమాణంతో భాగించి, లెక్క సరిపోయిందనుకుని కొనేయడం పగడాల పెంపకంలోకి కొత్తగా దిగినవారు సాధారణంగా చేసే పొరపాటు. డాలస్‌లో నా మొదటి తొట్టెకు నేనూ అలాగే కొన్నాను. లెక్క ప్రకారం నీరు కావలసినంత తిరిగేది. అయినా నెల తిరిగేసరికి రాళ్ల వెనక గోధుమరంగు మడ్డి పేరుకుంది. పంపుకు సరిగ్గా ఎదురుగా పెట్టిన టార్చ్ అనే రాతి పగడానికేమో ఒక పక్క మాంసం చీలి, లోపలి తెల్లటి అస్థిపంజరం అంచు బయటపడింది. ఒకే తొట్టెలో ఒకచోట ప్రవాహం చాలక, మరోచోట ఎక్కువై, రెండు నష్టాలూ కలిసి వచ్చాయన్నమాట. కాబట్టి నీరు ఎంత కదలాలని అడిగే ముందు, ఎక్కడికి, ఏ తీరుగా కదలాలో తేల్చుకోవాలి.

పగడం రాయిని అంటుకుని ఉండిపోయే జంతువు. ఆహారం వెతుక్కుంటూ వెళ్లలేదు, తాను వదిలిన వ్యర్థాల నుంచి పక్కకు జరగలేదు. దాని చర్మాన్ని ఆనుకుని దాదాపు కదలకుండా నిలిచే పలుచటి నీటిపొర ఒకటి ఉంటుంది. ఆక్సిజను, కార్బన్ డయాక్సైడు, క్యాల్షియం వంటివన్నీ ఆ పొరను దాటుకునే లోపలికి రావాలి, బయటికి పోవాలి. చుట్టూ ప్రవాహం పెరిగేకొద్దీ ఆ పొర పలుచబడి రాకపోకలు సులువవుతాయి. దీపాలు, రసాయనాలు అన్నీ సరిగా ఉండి కూడా పగడం ఎదగకుండా నిలిచిపోతే, నేను మొదట అనుమానించేది ప్రవాహాన్నే.

ముందుగా ఏ పగడాలు పెంచబోతున్నారో కాగితం మీద రాసుకోండి. పుట్టగొడుగు పగడాలు, జోయాంథిడ్‌ల వంటి మెత్తటి జాతులకు తొట్టె నీటికి గంటకు 10 నుంచి 20 రెట్లు, టార్చ్, హామర్ వంటి పెద్ద పాలిప్‌ల (పగడం మీద విచ్చుకునే, నోరున్న చిన్న జీవుల) రాతి పగడాలకు 20 నుంచి 30 రెట్లు, అక్రోపోరా వంటి చిన్న పాలిప్‌ల రాతి పగడాలకు 40 రెట్లు, ఆపైన అని పెంపకందారులు చెప్పుకుంటారు. ఇవి అనుభవం మీద స్థిరపడిన అంచనాలే తప్ప సూత్రాలు కావు. ఉదాహరణకు తోలు పగడం మెత్తటి జాతే అయినా, అప్పుడప్పుడు ముడుచుకుపోయి పైన మైనంలాంటి పొరను వదులుతుంది; ఆ పొర ఊడిపోవాలంటే కాస్త గట్టి ప్రవాహమే కావాలి.

అమెరికాలో బాగా అమ్ముడుపోయే 4 అడుగుల 75 గ్యాలన్ల తొట్టెనే తీసుకుందాం. అంటే సుమారు 284 లీటర్లు. పెద్ద పాలిప్‌ల పగడాలు ఎక్కువగా ఉంటాయనుకుంటే 30 రెట్ల లెక్కన గంటకు 8,500 లీటర్లు కావాలి. దీనికి అంత సామర్థ్యమున్న ఒకే పంపును కొనకండి. 5,000 లీటర్ల వరకు ఇవ్వగలిగి, వేగం తగ్గించుకునే వీలున్న రెండు పంపులు కొని, చెరో గోడకు పెట్టండి. రెండు ప్రవాహాలు మధ్యలో ఢీకొన్నచోట నీరు దిక్కు మార్చుకుంటూ సుళ్లు తిరుగుతుంది. సముద్రంలోని పగడాల దిబ్బ మీద పగడానికి అలవాటైనది ఇలాంటి నీరే కానీ, ఒకే వైపు నుంచి రోజంతా కొట్టే ధార కాదు. పైగా ఒక పంపు ఆగిపోయినా రెండోది తొట్టెను కాపాడుతుంది.

తొట్టె కింద వడపోత కోసం పెట్టే సంప్ అనే మరో తొట్టె నుంచి నీటిని పైకి తోసే రిటర్న్ పంపును ఈ లెక్కలో కలపకపోవడం మంచిది. దాని పని వడపోత. తొట్టె నీటికి గంటకు 5 రెట్లు నిజంగా పైకి చేరితే చాలు. "నిజంగా" అని ఎందుకంటున్నానంటే, పెట్టె మీది అంకె నీటిని ఎత్తు ఎక్కించనప్పటిది. మీటరున్నర ఎత్తు ఎక్కాక, మూడు నాలుగు మలుపులు దాటాక, అందులో చాలా భాగం కోత పడుతుంది. కంపెనీ ఇచ్చే ఎత్తు-ప్రవాహం పటాన్ని చూసి మీ ఎత్తు దగ్గర ఎంత వస్తుందో లెక్కించండి. కరెంటు పోగానే నీరు ఇదే గొట్టంలో వెనక్కి జారుతుంది కాబట్టి, పై మూతిని నీటిమట్టానికి కొద్ది కిందనే ఉంచి, ఆ జారే నీరంతా పట్టేంత ఖాళీని సంప్‌లో వదలాలి.

ఇక అసలు విషయం, తొట్టె లోపలి పంపు. పవర్‌హెడ్ అనే పాతకాలపు పంపులో ఇంపెల్లరు (లోపల తిరిగే చిన్న రెక్కల చక్రం) నీటిని ఇరుకు మూతి గుండా నెడుతుంది. ధార సన్నగా, పదునుగా వస్తుంది. వేలు అడ్డుపెట్టి చూస్తే తోటకు నీళ్లు పట్టే గొట్టం చివర నొక్కినట్టు ఉంటుంది. ప్రొపెల్లరు పంపులో అలాకాదు. ఫ్యాను గాలిని తోసినట్టు రెక్కలు నీటిని వెడల్పుగా తోస్తాయి, ఒత్తిడి తక్కువగా ఉంటుంది, తక్కువ కరెంటుతో ఎక్కువ నీరు కదులుతుంది. జర్మనీకి చెందిన టున్జే పంపులు ఈ కోవలోనివే. ఇకోటెక్ కంపెనీ వారి వోర్‌టెక్ పంపులో మోటారు అద్దం బయట ఉండి, లోపలి రెక్కలను అయస్కాంతం ద్వారా తిప్పుతుంది. తొట్టెలో తీగ కనబడదు, మోటారు వేడిలో చాలా భాగం బయటే ఉండిపోతుంది. అయితే కొనేముందు అద్దం మందం కొలవాలి: వోర్‌టెక్ రకాల్లో ఎంపీ10 సుమారు 10 మిల్లీమీటర్ల వరకు, ఎంపీ40 సుమారు 19 మిల్లీమీటర్ల వరకు పనిచేస్తాయి. మాక్స్‌స్పెక్ట్ గైర్ రకంలో పొడవాటి రోలరు నీటిని పలుచటి పరుపులా పరిచి ఆ చివరిదాకా పంపుతుంది. పొడవైన, రాళ్లు తక్కువగా ఉన్న తొట్టెలకు అది బాగా కుదురుతుంది. రాళ్లు గోడలా పేర్చిన తొట్టెలో మాత్రం దానికి పెట్టిన డబ్బుకు తగిన ఫలితం నాకు కనబడలేదు.

ఏసీ పంపు చవక, కానీ ఒకే వేగం. డీసీ పంపుకు కంట్రోలరు ఉంటుంది, వేగం మార్చుకోవచ్చు, మోత కూడా తక్కువ. రెంటికీ ధరలో తేడా భరించగలిగితే డీసీకే నా ఓటు. కంట్రోలరులో పల్స్ అనే పద్ధతి ఉంటుంది. ఊయలను సరైన క్షణంలో తోస్తే చిన్న తోపుకే పైకి లేచినట్టు, తొట్టె పొడవుకు తగిన వ్యవధిలో పంపు నడుస్తూ ఆగుతూ ఉంటే నీరంతా ఇటూ అటూ ఊగుతుంది. ఆ ఊపును ఒకటి రెండు సెంటీమీటర్ల దగ్గరే ఆపండి. మించితే నేల తడవడమే కాక, అద్దాల అతుకుల మీద భారం పడుతుంది. ఎలక్ట్రానిక్స్‌తో పని లేకుండా అలను పుట్టించినవారూ ఉన్నారు: హవాయిలోని వైకీకీ అక్వేరియంలో ఒకప్పుడు పనిచేసిన బ్రూస్ కార్ల్‌సన్ పేరుతో పిలిచే పరికరంలో పైనున్న పాత్ర మెల్లగా నిండి, సైఫన్ అందుకోగానే నీరంతా ఒక్కసారిగా తొట్టెలోకి దూకుతుంది. ముచ్చటైన ఏర్పాటే కానీ, ఆ చప్పుడును పడకగది పక్కన భరించడం కష్టం.

పంపులు బిగించాక పరీక్ష సులువు. మేతగా వేసే గడ్డకట్టిన మైసిస్ అనే చిన్న రొయ్యలను చెంచాడు తొట్టె నీటిలో కరిగించి, పంపుకు దగ్గరగా వదిలి, ఐదు నిమిషాలు ఎదురుగా కూర్చోండి. ఏ తునక ఎక్కడ ఆగిపోయిందో, ఏ మూల గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయిందో కనబడుతుంది. ఆగినచోటే రేపు మడ్డి పేరుకుంటుంది. టార్చ్ పగడం చేతులు వరిచేను గాలికి ఊగినట్టు నెమ్మదిగా అన్ని వైపులా ఊగాలి. ఒకే వైపుకు వాలి, అలాగే వణుకుతుంటే పంపును పక్కకు తిప్పాలి. ఇసుక ఒక మూలకు గుట్టపడి అడుగు అద్దం బయటపడితే పంపును పైకి జరపండి, లేదా మూతిని నీటి పైభాగం వైపు వంచండి. నీటి పైపొర ఎప్పుడూ అలజడిగా ఉండాలి. ఆక్సిజను ఎక్కువగా అక్కడి నుంచే వస్తుంది.

మునిగిన పంపు వాడుకునే విద్యుత్తంతా చివరికి నీటిలో వేడిగా మారుతుంది. 25, 26 డిగ్రీల దగ్గర ఉండాల్సిన నీటికి డాలస్ ఆగస్టులోనైనా, హైదరాబాదు మేలోనైనా పంపుల వాట్లు అదనపు భారమే కాబట్టి ప్రవాహంతో పాటు వాట్లనూ పోల్చి చూడండి. భారతదేశంలో ఉన్నవారు ఒక సంగతి గమనించాలి: రాతి పగడాలకు అక్కడ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు కింద రక్షణ ఉంది. చట్టం ప్రకారం ఏవి పెంచుకోవచ్చో తేల్చుకున్నాకే పంపు లెక్కకు రండి.

కరెంటు పోతే గంటల్లోనే నీటిలో ఆక్సిజను పడిపోతుంది. టెక్సస్‌లో 2021 ఫిబ్రవరి మంచు తుఫానప్పుడు మా తొట్టెను నిలబెట్టింది బ్యాటరీ మీద నడిచిన ఒక్క డీసీ పంపే. బ్యాటరీకి తగిలించే వీలున్న పంపు కనీసం ఒకటి ఉండేలా చూసుకోండి.

సముద్రపు ఎనిమోన్ (పువ్వులా కనిపించే, చోటు మారగల జంతువు) పెంచేవారు పంపుకు జాలీ తప్పనిసరిగా తొడగాలి. మా ఎనిమోన్ ఒక రాత్రి రాయి వదిలి నడుచుకుంటూ జాలీ లేని పంపులోకి వెళ్లింది. తెల్లవారేసరికి నీరు బియ్యం కడిగినట్టుంది. జాలీకి, రెక్కలకు రెండు మూడు నెలల్లో సున్నం, నాచు పట్టి ప్రవాహం తగ్గుతుంది కనుక, వెనిగరు కలిపిన నీటిలో నానబెట్టి, మంచినీటితో కడిగి పెట్టాలి. సులువుగా విడదీసి కడగడానికి వీలుకాని పంపును ఎంత చవకగా ఇచ్చినా కొనవద్దు. కొన్నరోజే అదనపు ఇంపెల్లరు కూడా ఒకటి తెచ్చి సొరుగులో పెట్టుకోండి. అది విరిగేది ఎప్పుడూ శనివారం రాత్రి, దుకాణాలు మూసేశాకే.