కాల్వని తిట్టడం ఆపి డాబా ఎక్కండి: డెంగీ దోమని ఇంటి దగ్గరే ఆపడం ఎలా?

గోదావరి జిల్లాల్లో దోమల మాట ఎత్తితే ముందు తిట్లు తినేది మురుగు కాల్వే. తర్వాత చేపల చెరువులు, ఆ తర్వాత మున్సిపాలిటీ. కాల్వ తప్పేమీ లేదని అనను, మురుగులో పెరిగే క్యూలెక్స్ దోమ వల్లే మన డెల్టాని బోదకాలు ఇన్నేళ్లు పట్టి పీడించింది, రాత్రిళ్లు చెవి దగ్గర జుయ్యిమనేదీ ఎక్కువగా అదే. కానీ డెంగీ, చికున్‌గున్యా వైరస్‌లని మోసేది వేరే దోమ, ఏడిస్ ఈజిప్టై. ఒంటి మీదా కాళ్ల మీదా తెల్ల చారలుంటాయి, పగలు కుడుతుంది, మురుగు జోలికి పెద్దగా పోదు. వానకి నిలిచిన నీళ్లు, మనం పట్టి పెట్టుకున్న మంచినీళ్లు, ఇవే దానికి కావాలి. రాజమండ్రిలో అయినా భీమవరంలో అయినా ఆ దోమని చాలామట్టుకు పెంచుతున్నది మనమేనన్నమాట.

ఇది ఎక్కువ దూరం ఎగరదు, మామూలుగా వంద, రెండొందల మీటర్ల లోపే తిరుగుతుంది. మరి ఊరి నుంచి ఊరికి వైరస్ ఎలా వస్తోందంటే, బస్సెక్కి మనుషులతోనే వస్తోంది. దసరా సెలవులకి హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రాడి రక్తంలో వైరస్ ఉంటే, జ్వరం మొదలవడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి, మొదలయ్యాక ఐదారు రోజుల దాకా, అతన్ని కుట్టిన దోమకి అది అంటుకోవచ్చు. దోమ ఒంట్లో అది ముదరడానికి ఎనిమిది నుంచి పన్నెండు రోజులు పడుతుంది, ఆ తర్వాత ఆ దోమ బతికినన్నాళ్లూ అంటిస్తూనే ఉంటుంది. పైగా ఇది మహా బెదురు దోమ, చెయ్యి కదిపితే లేచి పక్కవాళ్ల మీద వాలుతుంది, అందుకే ఒకే ఇంట్లో ముగ్గురు నలుగురు ఒకేసారి మంచాన పడతారు. వైరస్ సోకిన వాళ్లలో చాలామందికి జ్వరమే రాదు, మామూలుగా పనుల్లోకి పోతూ ఉంటారు. ఇల్లూ ఇల్లూ ఆనుకుని ఉండే టౌన్లో ఇది వీధంతా పాకడానికి ఇంకేం కావాలి?

మొదటి పని, వారంలో ఒక రోజు ఖాయం చేసుకోండి. మన వేడికి గుడ్డు నుంచి ఎగిరే దోమ అవడానికి వారం, పది రోజులు చాలు, కాబట్టి వారానికోసారి నీళ్లు పారబోస్తే ఆ వరస తెగిపోతుంది. ఆరోగ్య శాఖ వాళ్లు శుక్రవారం డ్రై డే అంటారు, మీకు ఆదివారం కుదిరితే ఆదివారమే పెట్టుకోండి.

ఆ రోజు టార్చి తీసుకుని ముందు డాబా ఎక్కండి. ట్యాంకు మూత పగిలిందా, చిల్లు ఉందా చూడండి. నీళ్లు పొర్లిపోయే పైపు మూతికి దోమతెర గుడ్డ కట్టండి. దిగి పెరట్లోకి వెళ్తే అసలు సంగతంతా అక్కడుంటుంది: ఎవరూ వాడని రుబ్బురోలు నిండా వాన నీళ్లు, తాగి పడేసిన బొండాలు, కొబ్బరి చిప్పలు, పాత టైరు, పిట్టల కోసం పెట్టిన మట్టి మూకుడు. కోనసీమ పెరడైతే కొబ్బరి చిప్పల గుట్టే ఉంటుంది, వాటిని బోర్లించండి లేదా పొయ్యిలో పెట్టేయండి. రోలు కదలదు కాబట్టి ఇసక పోసేయండి. ఇంట్లో ఫ్రిజ్ వెనక ట్రే, కూలర్ అడుగు, మనీప్లాంట్ సీసా చూడండి. ఫ్రిజ్‌కి అలాంటి ట్రే ఒకటుందని చాలామందికి తెలియనే తెలియదు!

నీళ్లలో లార్వా, అంటే గుడ్డు నుంచి వచ్చిన దోమ పిల్ల పురుగు, ఉందో లేదో తెలియాలంటే టార్చి వేసి ఒక్క నిమిషం కదలకుండా ఆగండి. వెలుతురు పడగానే అడుగుకి పోయిన పురుగులు గాలి కోసం మళ్లీ పైకి వస్తాయి.

ఇక గాబు, డ్రమ్ములు. వేసవిలో గోదావరి కాల్వలు కట్టేసినప్పుడు ఇంట్లో ఉన్న ప్రతి గిన్నె నింపి పెట్టుకునే అలవాటు మనది, దాన్ని తప్పుపట్టలేం. కానీ నీళ్లు పారబోసినంత మాత్రాన పని అయిపోదు, ఎందుకంటే ఈ దోమ గుడ్లు పెట్టేది నీళ్లలో కాదు, నీటి మట్టానికి కాస్త పైన గోడకి అంటించి పెడుతుంది. ఆ గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్లీ నీళ్లు తగలగానే పిల్లలవుతాయి. అందుకని కొబ్బరి పీచు తీసుకుని లోపలి గోడలు గట్టిగా రుద్ది, కడిగి, ఆ తర్వాతే నింపండి, నింపాక మూత గానీ గట్టిగా కట్టిన గుడ్డ గానీ ఉండాలి.

పక్కన ఇల్లు కడుతుంటే మేస్త్రీతో మాట్లాడండి. స్లాబ్ మీద మళ్లు కట్టి రోజుల తరబడి నీళ్లు నిలబెడతారు కదా, వారం దాటక ముందే ఒకసారి ఆ నీళ్లు పూర్తిగా వదిలేసి మళ్లీ పెట్టమనండి. లిఫ్ట్ గుంత, సంపు కూడా చూడమనండి.

ఫాగింగ్ బండి వచ్చింది కదా అని ఊరుకోవద్దు. ఆ పొగకి ఎగిరే దోమలు కొన్ని చస్తాయి, నీళ్లలో ఉన్న లార్వాకి ఏమీ కాదు, పైగా ఏడిస్ మంచాల కిందా వేలాడే బట్టల వెనకా నక్కి ఉంటుంది, వీధిలో పొగ అక్కడి దాకా చేరదు. సాయంత్రం ఆరింటికి తలుపులు వేసే అలవాటు మంచిదే గానీ ఇది తెల్లవారాకా, పొద్దు వాలే ముందూ ఎక్కువగా కుడుతుంది. పిల్లలకి బడికి నిండు చేతుల చొక్కా వేయండి.

ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే, మొదటి వారం వాళ్లని పగలు కూడా దోమతెరలోనే పడుకోబెట్టండి. రోగిని దోమ కుట్టకపోతే పక్కింటికి పోయేది ఏమీ ఉండదు. నొప్పులకి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దు, రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. మొదటి ఐదు రోజుల్లో అయితే రక్తంలో డెంగీ వైరస్ ఆనవాలు పట్టే ఎన్ఎస్1 పరీక్ష చేస్తారు. జ్వరం తగ్గిందని టెన్షన్ వదిలేసే ఆ ఒకటి రెండు రోజులే అసలు జాగ్రత్తగా ఉండాల్సినవి: కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మరీ నీరసం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి. ఒకసారి వచ్చింది, ఇక రాదనీ అనుకోవద్దు, డెంగీ నాలుగు రకాలు, రెండోసారి వేరే రకం సోకితే ముదిరే అవకాశం ఎక్కువ.

ఇంకొకటి, తాళం వేసిన ఇళ్లు. గల్ఫ్‌లోనో హైదరాబాదులోనో ఉండేవాళ్ల ఇళ్లు మన వీధుల్లో బోలెడు. తాళం చెవి మీ దగ్గరుంటే బాత్రూం బకెట్లు ఖాళీ చేసి బోర్లించండి, కమోడ్ మీద ప్లాస్టిక్ కవరు పరిచి మూత వేయండి, ఫ్లష్ ట్యాంకు నీళ్లు వదిలేసి దానికి వచ్చే కుళాయి కట్టేయండి.