కాలనీలో దుమ్ము, పొగ తగ్గాలంటే: అపార్ట్‌మెంట్ సంఘాలు వరుసగా చేయాల్సిన పనులు

హైదరాబాద్ లాంటి ఊళ్లో గాలి బాగోలేదనగానే అందరి చూపూ ఫ్యాక్టరీల మీదికో, ఎయిర్ ప్యూరిఫయర్ల మీదికో పోతుంది. కాలనీలోనే పుట్టే దుమ్మూ పొగా తక్కువేం కాదు. రోడ్డు పక్క మట్టి, టైల్స్ కోత, తగలబెట్టిన ఆకులు, జనరేటర్: వీటిని పుట్టిన చోటే ఆపడం సంఘం చేతిలో ఉన్న పని. ప్యూరిఫయర్ అన్నిటికన్నా చివర.

ముందు కొలవండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల సమీర్ యాప్‌లో సనత్‌నగర్, జూపార్క్ లాంటి స్టేషన్ల వివరాలు దొరుకుతాయి. అవి ఆ చుట్టుపక్కల పరిస్థితిని చెబుతాయి, మీ గేటు దగ్గర ఏం జరుగుతోందో చెప్పవు. అందుకు ధూళిని కొలిచే చిన్న లేజర్ సెన్సార్ ఒకటి చాలు. మనిషి ముక్కు ఎత్తులో, వంటగది ఎగ్జాస్ట్‌కు దూరంగా, వాన తగలని చోట పెట్టండి. యాప్‌లో కనిపించేది గాలి నాణ్యత సూచీ (ఏక్యూఐ), సెన్సార్ చూపేది మైక్రోగ్రాములు. రెండూ ఒకటి కావు. పీఎం 2.5కి, అంటే 2.5 మైక్రాన్లకు మించని సన్నటి ధూళికి, మన దేశ ప్రమాణం ఘనపు మీటరుకు 24 గంటల సగటున 60 మైక్రోగ్రాములు, అక్కడ సూచీ 100 చూపిస్తుంది. మంచు పట్టిన ఉదయాల్లో, ముసురు రోజుల్లో ఈ సెన్సార్లు తేమను కూడా ధూళిగా లెక్కేసి ఎక్కువ చూపిస్తాయి. ముతక దుమ్మును మాత్రం సరిగ్గా పట్టలేవు. రోడ్డు దుమ్ము సంగతి కంటితో చూసే తేల్చుకోవాలి.

రోడ్డు అంచు

ఎక్కువ డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. తారు రోడ్డుకూ కాంపౌండ్ గోడకూ మధ్య మీటరు, మీటరున్నర మట్టి ఖాళీగా వదిలేస్తారు. బండి పార్కు చేసినప్పుడల్లా ఆ మట్టి టైర్లకు అంటుకుని రోడ్డెక్కుతుంది. ఎండాక వచ్చే పోయే ప్రతి బండీ దాన్ని నలిపి మెత్తటి పొడి చేసి లేపుతుంది.

కార్పొరేషన్ అనుమతి తీసుకుని ఆ పట్టీలో గడ్డి మొలిచే రంధ్రాలున్న పేవర్ బ్లాకులు వేయించండి. కింద 15 సెంటీమీటర్ల కంకర పరిచి బాగా దిమ్మిస కొట్టాలి, దానిమీద 4, 5 సెంటీమీటర్ల ఇసుక, ఆపైన బ్లాకులు. మీటరుకు 2 సెంటీమీటర్ల వాలు ఉండాలి. కంకర సరిగ్గా కూరకపోతే మొదటి వర్షాకాలానికే కుంగిపోయి గుంటలు పడతాయి. రంధ్రాల్లో ఎర్రమట్టి నింపి గరిక నాటితే వాన నీరూ ఇంకుతుంది.

చెట్టు మొదలు చుట్టూ మీటరు చదరం మట్టి వదలాలి. చాలామంది మొదలు దాకా సిమెంటు పోసి చెట్టును చంపుతారు. లేదంటే మట్టిని బ్లాకుల కంటే ఎత్తుగా పోస్తారు. అప్పుడు ప్రతి వానకీ ఆ మట్టి రోడ్డు మీదికి కారి, ఎండి, మళ్లీ దుమ్మవుతుంది. పాదులో మట్టి బ్లాకుల అంచు కంటే కనీసం 5 సెంటీమీటర్లు కిందికి ఉండాలి, దానిమీద ఎండుటాకులు పరవాలి.

పొడి నేలను చీపురుతో ఊడిస్తే దుమ్ము చోటు మారుతుంది, అంతే. ఊడ్చే ముందు చల్లండి. నేల తడవాలి, నీరు పారకూడదు. ఊడ్చిన మట్టిని అక్కడే పక్కకు నెట్టకుండా సంచిలోకి ఎత్తాలి. ఊడ్చే మనిషికి మంచి మాస్కు సంఘమే కొనివ్వాలి, ఆ దుమ్మును ముందు పీల్చేది ఆ మనిషే.

కట్టడం పనులు, ఇంటీరియర్ పనులు

కట్టడం దుమ్ము గురించి కేంద్ర పర్యావరణ శాఖ 2018 జనవరిలో నిబంధనలు ఇచ్చింది. గాలి ప్రమాణాలు దాటిన నగరాల్లో ఇసుక, మట్టి, శిథిలాలు కప్పకుండా వదలకూడదు, నీళ్లు చల్లే ఏర్పాటు ఉండాలి, బహిరంగంగా రాళ్లు కోయడం, గ్రైండింగ్ చేయడం కుదరదు. పక్క ప్లాటు బిల్డర్‌తో మాట్లాడేటప్పుడు ఇవి దగ్గర పెట్టుకోండి.

మీ అపార్ట్‌మెంట్‌లో ఎవరైనా ఫ్లాట్‌లో పని మొదలుపెడితే ముందే కొన్ని షరతులు రాసివ్వండి. గ్రానైట్, టైల్స్ పొడిగా కోయకూడదు. ఆ తెల్లటి పొగలో ఉండే సిలికా మేస్త్రీ ఊపిరితిత్తులను శాశ్వతంగా పాడుచేస్తుంది. నీటి పైపు ఉన్న కట్టర్ వాడాలి. లేకపోతే 5 లీటర్ల డబ్బాకు సన్నటి ట్యూబ్ తగిలించి, బ్లేడు రాయిని తాకే చోట ధార పడేలా ఒక మనిషి పట్టుకోవాలి. నీళ్లూ కరెంటూ కలిసే పని కాబట్టి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉన్న బోర్డు నుంచే లైను తీసుకోవాలి. కోతలో వచ్చిన తెల్ల బురదను తడిగా ఉండగానే బకెట్లోకి ఎత్తేయాలి. ఎండనిస్తే పడ్డ కష్టమంతా వృథా, అదే పొడి మళ్లీ లేస్తుంది.

శిథిలాలు ఖాళీ ప్లాట్లో పోయించకండి. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో వాటిని పొడిచేసి ఇసుక, కంకర, పేవర్లుగా మార్చే ప్లాంట్లు ఉన్నాయి. రోడ్డు అంచుకు కావాల్సిన బ్లాకులు అలాంటివే అడగండి.

ఆకులు

రాలిన ఆకులు తగలబెట్టవద్దని బోర్డు పెడితే సరిపోదు, వాటిని వేయడానికి చోటు చూపించాలి. మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఇనుప జాలీ చుట్ట నిలబెట్టి, జానెడు ఆకులకు ఒకసారి పేడనీళ్లు చల్లుతూ నింపండి. గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార వస్తే తేమ ఎక్కువై వాసన కొడుతుంది, పొడి ఆకులు కలపండి. చుక్క కూడా రాకపోతే కుళ్లడం ఆగిపోతుంది. రెండు వారాలకోసారి తిరగేస్తే మూడు నాలుగు నెలల్లో ఎరువు.

జనరేటర్

పొగగొట్టం ఎత్తుకు కాలుష్య మండలి సూత్రం తేలికే: జనరేటర్ ఉన్న భవనం ఎత్తుకు (మీటర్లలో), జనరేటర్ సామర్థ్యం కేవీఏల వర్గమూలాన్ని 0.2తో గుణించి కలపాలి. 100 కేవీఏ అయితే భవనం పైన 2 మీటర్లు. సెల్లార్ పక్కన సెట్టు పెట్టి, గొట్టాన్ని మొదటి అంతస్తు దగ్గర వదిలేస్తే పైవాళ్ల బాల్కనీలన్నీ పొగే. గొట్టం చివర టోపీ పెడితే పొగ కిందికి తిరుగుతుంది. వాన పడకుండా పొగ ఒత్తిడికి తెరుచుకునే మూత పెట్టండి. వారానికోసారి నడిపి చూసే పనిని మధ్యాహ్నానికి మార్చండి. చలికాలం ఉదయాల్లో చల్లగాలి నేల దగ్గరే బిగుసుకుని పొగను పైకి పోనివ్వదు.

చెట్లు, కిటికీలు

రోడ్డు వైపు నేల దాకా ఆకులుండే గుబురు కంచె కావాలి; నందివర్ధనం, మందార బాగా వస్తాయి. వెనక వేప, కానుగ. ఇరుకు సందులో మాత్రం కొమ్మలు పైన కలిసిపోనివ్వకండి, వాహనాల పొగ కిందే నిలిచిపోతుంది. కోనోకార్పస్ చెట్ల జోలికి పోకండి.

కొత్తగా కట్టేవాళ్లు ఒక లెక్క చూడాలి. జాతీయ భవన నిర్మాణ స్మృతి ప్రకారం పొడి వేడి ప్రాంతాల్లో కిటికీల తెరపు నేల వైశాల్యంలో పదో వంతు, తేమ ఉండే కోస్తాలో ఆరో వంతు, హైదరాబాద్ లాంటి మిశ్రమ వాతావరణంలో ఎనిమిదో వంతు ఉండాలి. 12 అడుగులు, 10 అడుగుల గదికి హైదరాబాద్‌లో 15 చదరపు అడుగులు. నాలుగడుగుల చదరం స్లైడింగ్ కిటికీ 16 చదరపు అడుగులున్నా తెరుచుకునేది 8 చదరపు అడుగులే. రెక్కల కిటికీ పెట్టించండి, లేదా ఎదుటి గోడకు ఇంకోటి. చలికాలంలో పొద్దున్నే కాకుండా మధ్యాహ్నం తెరవండి.

ఇవన్నీ అయ్యాక కూడా ఉబ్బసం ఉన్నవాళ్ల గదికి ప్యూరిఫయర్ అవసరమైతే, ఆ 12, 10 అడుగుల గదిలో పదడుగుల ఎత్తుకు గాలి దాదాపు 34 ఘనపు మీటర్లు. గంటకు ఐదుసార్లు శుభ్రం కావాలంటే సీఏడీఆర్ (గంటకు శుభ్రం చేసి ఇచ్చే గాలి) 170 ఘనపు మీటర్లు ఉన్నది చాలు. హెపా ఫిల్టర్ ధూళిని పడుతుంది గానీ కొత్త ప్లైవుడ్ కబోర్డుల నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ వాయువును పట్టదు. దానికి తక్కువ వాయువు వదిలే ఈ0, ఈ1 రకం ప్లైవుడ్ తీసుకుని, కోసిన అంచులన్నిటికీ పట్టీ వేయించి, గృహప్రవేశానికి ముందు రెండు మూడు వారాలు కబోర్డుల తలుపులూ కిటికీలూ తెరిచి ఉంచాలి.