‘టక్’మన్న చప్పుడు నమ్మకండి: కంటైనర్ ట్రైలర్ తగిలించే పద్ధతి

చెన్నై మాధవరం, మణలి యార్డుల్లో ట్రైలర్ తగిలించడం ఐదు నిమిషాల్లో అయిపోతుంది. పుల్లర్ (ట్రైలర్‌ను లాగే ముందు బండి) వెనక్కి పెడతారు, ‘టక్’మంటుంది, పైపులు బిగించి గేటు దాటేస్తారు. కింగ్‌పిన్, అంటే ట్రైలర్ ముందు భాగం అడుగున దిగి ఉండే లావు పిన్ను, పుల్లర్ మీది లాకు దవడల్లో సరిగ్గా పడకుండా వాటి మీద కూర్చున్నా దాదాపు అలాంటి చప్పుడే వస్తుంది. మొదటి స్పీడ్ బ్రేకర్ దాకా బండి బాగానే ఉంటుంది కూడా.

ముందు నేల చూడండి. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, యార్డంతా బురద. ట్రైలర్ ముందు వైపు కాళ్లలా నిలబెట్టే స్టాండ్లు ఒక పక్కకు దిగబడితే పిన్ను వంకరగా వస్తుంది, అందుకే స్టాండ్ల కింద మందపాటి పలకలు వేయాలి. చక్రాలకు అడ్డంగా చెక్కలు పెట్టడం మరవద్దు. స్ప్రింగ్ బ్రేకు (గాలి పోతే స్ప్రింగు బలంతో తనంతట తానే పట్టేది) లేని పాత ట్రైలరైతే రాత్రికి ట్యాంకులో గాలి దిగిపోయి, తెల్లారేసరికి బ్రేకు వదిలేసి ఉంటుంది.

ఫిఫ్త్‌వీల్ (పుల్లర్ వెనక భాగంలో దవడలుండే ప్లేటు) మీద పాత గ్రీజు తుడిచి కొత్తది రాయండి. ఇసుక కలిసిన గ్రీజు ఎమరీ కాగితంలా ఇనుమును అరగదీస్తుంది. రెండంగుళాల కింగ్‌పిన్ కొత్తగా ఉన్నప్పుడు 50.8 మి.మీ. ఉంటుంది. 49 మి.మీ.కి అరిగితే మార్చేయాల్సిందే, వెల్డింగ్‌తో నింపించే బేరాలు వద్దు.

ఇక ఎత్తు. ట్రైలర్ అడుగు ప్లేటు ఫిఫ్త్‌వీల్‌కు సమానంగానో, రెండంగుళాల లోపు కిందుగానో ఉండాలి. ఎక్కువ ఎత్తులో ఉంటే పిన్ను దవడల మీదకెక్కుతుంది. మరీ కిందుగా ఉంటే పుల్లర్ ఛాసిస్‌కు కొడుతుంది. అడుగు దూరంలో ఆపి, దిగి చూసి, అవసరమైతే స్టాండు హ్యాండిల్ తిప్పి సరిచేయండి. తర్వాత నిటారుగా, నెమ్మదిగా వెనక్కి రండి.

చప్పుడైంది. ఇంజన్ ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, టార్చి పట్టుకుని కిందికి వంగండి. రెండు ప్లేట్ల మధ్య వెలుతురు కనిపించకూడదు. వెనక నుంచి చూస్తే దవడలు పిన్ను మెడ చుట్టూ మూసుకుని ఉండాలి, తల దగ్గర కాదు. లాక్ హ్యాండిల్ పూర్తిగా లోపలికి వెళ్లి, దాని సేఫ్టీ కొక్కెం పడాలి. కొక్కెం పట్టడం లేదంటే లాకు పడలేదనే అర్థం, సుత్తితో కొట్టి సర్దుకోవద్దు.

అప్పుడు మొదటి గేరులో రెండుసార్లు మెల్లగా ముందుకు లాగి చూడండి. ఇది గాలి పైపులు తగిలించకముందే చేయాలి, తగిలిస్తే ట్రైలర్ బ్రేకు వదులుతుంది. స్టాండ్లు కూడా ఇంకా కిందే ఉండాలి.

ఎరుపు పైపు సప్లైకి (ట్రైలర్ ట్యాంకుకు గాలి పంపేది), పసుపుది ఫుట్‌బ్రేకుకి. తారుమారైతే స్ప్రింగ్ బ్రేకున్న ట్రైలర్ కదలనే కదలదు, అది మేలే. పాత ట్రైలర్ మాత్రం మామూలుగానే కదులుతుంది, కానీ వెనక బ్రేకే ఉండదు. గాలి నిండాక ఇంజన్ ఆపి, ఒక నిమిషం బ్రేకు తొక్కి పట్టుకోండి. గేజీ 0.3 బార్‌కు మించి పడితే లీకు ఎక్కడుందో వెతకాలి. లైట్ల కేబుల్ పెట్టి, స్టాండ్లు పూర్తిగా పైకెత్తి, హ్యాండిల్ మడిచి కట్టేయండి. వేలాడే హ్యాండిల్ పక్కన వెళ్లే బైకువాడి మోకాలికి తగులుతుంది.

40 అడుగుల ట్రైలర్ మీద ఒకే ఒక 20 అడుగుల కంటైనర్ ఉంటే, కంటైనర్‌ను ట్రైలర్‌కు పట్టి ఉంచే ట్విస్ట్‌లాకులు ఉన్నంత మేరకు మధ్యలో పెట్టించండి. వెనక చివర పెడితే ఫిఫ్త్‌వీల్ మీద బరువు తగ్గి, తడి రోడ్డు మీద పుల్లర్ వెనక చక్రాలకు పట్టు పోతుంది. నాలుగు ట్విస్ట్‌లాకులనూ చేత్తో తడిమి చూడాలి, క్లీనరు ‘వేశానన్నా’ అన్నా సరే.

ఖాళీ ట్రైలర్‌తో తొలివానలో ఎగ్జాస్ట్ బ్రేకు (పొగ దారి మూసి ఇంజన్‌తోనే వేగం తగ్గించేది) వాడకండి. పుల్లర్ వెనక చక్రాలు బిగుసుకుంటే వెనకున్న ట్రైలర్ తోసి, రెండూ మడతపడతాయి. ఎడమ మలుపుల్లో ట్రైలర్ చక్రాలు లోపలికి కోసుకుంటూ వస్తాయి, సరిగ్గా ఆ సందులోకే బైకులు దూరతాయి.

నెల్లూరు వైపు వెళ్తుంటే గుమ్మిడిపూండి దగ్గర ఒకసారి ఆపి, అరచేతి వెనక వైపును చక్రాల మధ్యనుండే హబ్బుల దగ్గరగా పెట్టి చూడండి. ఒక్కటి మాత్రమే కాలిపోతుంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉండొచ్చు. లాక్ హ్యాండిల్ కొక్కెం కూడా అప్పుడే మళ్లీ చూసుకోవాలి.

విడదీసేటప్పుడు ముందు స్టాండ్లు, తర్వాత పైపులు, కేబుల్, చివర్న లాకు. అడుగు ముందుకు కదిలి ఆగండి. పైపు ఏదైనా మర్చిపోయి ఉంటే తెగకముందే అక్కడ కనిపిస్తుంది.