సెక్యూరిటీ ఏజెన్సీ నడుపుతున్నారా? మారే రూల్స్ మీద ఇలా కన్నేసి ఉంచండి

పసారా (ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం) లైసెన్స్ గడువు ఐదేళ్లే, అది ముగియడానికి కనీసం 45 రోజుల ముందే రెన్యువల్‌కి పెట్టాలి, కానీ మీరు ఆరు నెలల ముందే ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి, గార్డుల పోలీస్ వెరిఫికేషన్, ట్రైనింగ్ కాగితాలు పోగేసేసరికి టైం ఇట్టే అయిపోతుంది.

అసలు దెబ్బ జీతాల దగ్గరే. ఏప్రిల్ 1, అక్టోబర్ 1 రాగానే కార్మిక శాఖ సైట్‌లో కొత్త వీడీఏ (ధరల్ని బట్టి మారుతూ కనీస వేతనంలో కలిసే కరువు భత్యం) చూడండి. కనీస వేతనం పెరిగితే బిల్లూ పెరుగుతుందన్న మాట క్లయింట్ అగ్రిమెంట్‌లో లేకపోతే తేడా మీ జేబులోంచి పోతుంది, లేదంటే గార్డు కడుపు కొట్టాలి, అది మాత్రం చేయకండి.

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు (పాత కార్మిక చట్టాల్ని కలిపి చేసిన కొత్త చట్టాలు) అమల్లో ఉన్నాయి. అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటినదంతా వేతనం కిందే లెక్క, కాబట్టి పీఎఫ్, గ్రాట్యుటీ మళ్లీ లెక్కేసుకోండి.

వాట్సాప్ ఫార్వర్డ్ చూసి టెన్షన్ పడొద్దు, గెజిట్ తెరిచి తేదీ, జీవో నంబర్ చూడండి.