సెసమీ స్ట్రీట్ పాత క్యాసెట్లు, డీవీడీలు: ఏవి కొనాలి, ఎలా చూడాలి

సెసమీ స్ట్రీట్ అంటే చిన్నపిల్లలకి అక్షరాలూ అంకెలూ నేర్పే అమెరికా టీవీ కార్యక్రమం. న్యూజెర్సీలో మా చుట్టుపక్కల అది చూస్తూ పెరిగిన తెలుగు పిల్లలు ఇప్పుడు అమ్మానాన్నలయ్యారు. "ఆంటీ, మేం చూసిన సెసమీ స్ట్రీట్ మా పాపకి చూపించాలి, ఏది కొనమంటారు?" అని అడుగుతుంటారు. నేను తిరిగి అడిగేది ఒక్కటే: పాటలూ అక్షరాలూ ఉంటే సరిపోతుందా, అప్పట్లో టీవీలో వచ్చినట్టు గంట ఎపిసోడ్ మొత్తం కావాలా?

పాటలూ అక్షరాలూ చాలనుకుంటే వెతుకులాట తేలిక. 1986లో రాండమ్ హౌస్ అనే ప్రచురణ సంస్థ మొదలుపెట్టిన 'మై సెసమీ స్ట్రీట్ హోమ్ వీడియో' క్యాసెట్లు సుమారు అరగంటవి. వేర్వేరు ఎపిసోడ్ల నుంచి ముక్కలు ఏరి, అక్షరాలకి ఒకటి, అంకెలకి ఒకటి, నిద్రపోయే ముందు కథలకి ఒకటి అని కూర్చారు. 1990ల మధ్యలో ఈ అమ్మకం సోనీ వండర్ అనే కంపెనీ చేతికి వెళ్లింది. అట్ట మారినా లోపల పాత క్యాసెట్టే ఉండొచ్చు. అందుకే బొమ్మ చూసి కొనకండి, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న కాపీరైట్ సంవత్సరం చదవండి.

పూర్తి ఎపిసోడ్లు కావాలంటే 'ఓల్డ్ స్కూల్' అనే డీవీడీ సెట్లు తీసుకోండి. మొదటిది 2006లో వచ్చింది, 1969 నుంచి 1974 వరకు ప్రసారమైనవి అందులో ఉన్నాయి. రెండోది 2007లో, మూడోది 2012లో వచ్చాయి. ఒక్కటే కొనగలిగితే మొదటిదే కొనండి. 1969 నవంబర్ 10న ప్రసారమైన తొలి ఎపిసోడ్ అందులో ఉంది. ఆ వీధిలో ఉండే గోర్డన్, శాలీ అనే కొత్త పాపకి వీధంతా చూపిస్తాడు. ఆస్కార్ అనే బొమ్మ పాత్ర అప్పటికింకా నారింజ రంగులోనే ఉంటాడు. ఆ రోజు నేర్పే అక్షరాలు డబ్ల్యూ, ఎస్, ఈ. ఒకే అక్షరం కాసేపు బొమ్మల్లో, కాసేపు మాటల్లో, మళ్లీ ఇంకో రూపంలో తిరిగి తిరిగి వస్తుంది. పిల్లల మనసులో అది నాటుకునేది అలా. ముక్కలు ఏరిన క్యాసెట్లో ఈ అల్లిక పోతుంది, నా బాధంతా అదే.

ఈ సెట్లు పెద్దల కోసమని, ఇప్పటి చిన్నపిల్లలకి సరిపడకపోవచ్చని మొదట్లోనే హెచ్చరిక వస్తుంది. భయపడక్కర్లేదు, కానీ పాపని ఒక్కదాన్నే కూర్చోబెట్టకండి. పక్కన మీరూ ఉండండి.

ఇండియాకి పంపేటట్టయితే జాగ్రత్త. డీవీడీలకి అమ్మే దేశాన్ని బట్టి రీజియన్ అనే నంబరు ఉంటుంది, ప్లేయర్ తన నంబరువే ఆడిస్తుంది. అమెరికా డీవీడీ రీజియన్ 1, ఇండియాది రీజియన్ 5. అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ కావాలి. కంప్యూటర్ డ్రైవ్‌లో రీజియన్ మార్చుకోవచ్చు గానీ ఐదుసార్లే. క్యాసెట్టయితే ఇంకా కష్టం: ఇవి అమెరికా టీవీ పద్ధతైన ఎన్‌టీఎస్‌సీలో ఉంటాయి, ఇండియాలో వాడింది పాల్ అనే వేరే పద్ధతి. రెండు పద్ధతులూ ఆడే మల్టీసిస్టమ్ వీసీఆర్ ఉంటే తప్ప బొమ్మ సరిగా రాదు.

పాత క్యాసెట్ కొనేటప్పుడు దాని మీదున్న చిన్న గాజులాంటి కిటికీలోంచి టేపు అంచు చూడండి. తెల్లటి పొడిలా కనిపిస్తే అది బూజు. వీసీఆర్‌లో పెట్టారో, టేపుని చదివే భాగానికి (హెడ్‌కి) అంటుకుని మిగతా క్యాసెట్లకీ పాకుతుంది. మంచివాటిని చివరిదాకా రివైండ్ చేసి, పుస్తకాల్లా నిలబెట్టి, వేడి తగలని చోట ఉంచండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది: మీ అమ్మానాన్నలు టీవీ నుంచి రికార్డు చేసిన క్యాసెట్లు అటక మీద ఉంటే పారేయకండి. 1990ల ఎపిసోడ్లు ఆ మూడు సెట్లలో లేవు. ముందు క్యాసెట్ వీపు మీదున్న చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచేయండి, దాని మీద మళ్లీ రికార్డు కాదు. తర్వాత క్యాసెట్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించే యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం కొని, బొమ్మకి పసుపు వైరు, శబ్దానికి ఎరుపు, తెలుపు వైర్లు వీసీఆర్‌కి తగిలించండి. మధ్యలో ఆపకుండా ఒకే ఊపులో ఎక్కించండి, పాత టేపుని పదేపదే తిప్పడం మంచిది కాదు. ఎపిసోడ్ చివర్లో ఆ రోజు అక్షరాలూ అంకెలూ చెబుతారు. అవి ఫైలు పేరులో రాసి పెట్టుకోండి, అది ఏ ఎపిసోడో తర్వాత పోల్చుకోవచ్చు.