డ్రోసోఫిలా మ్యూటెంట్‌కు వాసన-షాక్ పరీక్ష: స్కోరును ఎప్పుడు నమ్మాలి

ఒక వాసనతోపాటు షాకిచ్చి, తర్వాత పండ్ల ఈగలు (డ్రోసోఫిలా) ఆ వాసనను తప్పించుకుంటాయా అని చూడటమే వాసన-షాక్ పరీక్ష. 1976లో సరిగా నేర్చుకోలేని డన్స్ అనే మ్యూటెంట్ (జన్యువు మారిన ఈగ) దొరికింది దీంతోనే. 1985లో టల్లీ, క్విన్ అనే పరిశోధకులు చూపిన టీ-మేజ్ (ఈగలు రెండు దారుల్లో ఒకటి ఎంచుకునే టీ ఆకారపు గొట్టం) పద్ధతే నేటికీ చాలా ల్యాబుల్లో నడుస్తోంది.

2–5 రోజుల వయసున్న ఈగల్ని విడతకు సుమారు 100 తీసుకోండి. కార్బన్ డయాక్సైడ్ మత్తుతో వేరుచేసే పని ఒక రోజు ముందే ముగించాలి, మత్తు ప్రభావం స్కోరును దించేస్తుంది. గది 25 డిగ్రీలు, తేమ 70 శాతం, మసక ఎర్ర కాంతి. ఈగలకు ఎరుపు దాదాపు కనబడదు కాబట్టి వెలుతురు చూసి ఒకవైపు పోవు.

లోపల షాక్ తీగలున్న గ్రిడ్ ట్యూబులో 60 సెకన్లు ఆక్టనాల్ అనే రసాయనం వాసన, దాంతోపాటే 5 సెకన్లకొకటి చొప్పున 90 వోల్టుల షాకులు 12, ఒక్కోటి 1.25 సెకన్లు. 45 సెకన్లు మామూలు గాలి. తర్వాత 60 సెకన్లు రెండో వాసన మిథైల్‌సైక్లోహెక్సనాల్, షాక్ లేకుండా. వెంటనే టీ-మేజ్ కూడలిలోకి దింపి రెండు వాసనల మధ్య 2 నిమిషాలు వదిలి, రెండు వైపుల గొట్టాల్లోనూ ఈగల్ని లెక్కపెట్టండి.

షాక్ లేని వాసన వైపు 80, షాక్ ఇచ్చిన వాసన వైపు 20 ఉంటే స్కోరు (80−20)÷100×100, అంటే 60. ఇది సగం పనే. ఇంకో విడతకు వాసనలు తారుమారు చేసి షాకివ్వాలి. అక్కడ 80 వస్తే సగటు 70, అదే ఒక్క నమూనా. ఈగలకు ఒక వాసన ముందే ఇష్టమైతే ఆ మొగ్గు ఇలా చాలావరకు కొట్టుకుపోతుంది. శిక్షణ లేని ఈగలు చెరిసగం చీలేదాకా మినరల్ ఆయిల్‌లో కలిపే వాసనల గాఢత సరిచేసుకోండి.

మామూలు ఈగల స్కోరే పడిపోతే ముందు గ్రిడ్ చూడండి: రెట్ట తడికి తీగలు షార్టవుతాయి. గొట్టాలు వాసన పీల్చుకుంటాయి, కాబట్టి వాసనకొక జత వేరుగా ఉంచండి.

మ్యూటెంట్ స్కోరు తగ్గగానే మతిమరుపు అనెయ్యకండి. వాసన తెలుస్తోందా, షాక్‌కి పారిపోతోందా అన్నది విడిగా పరీక్షించాలి. నేపథ్య జన్యువులూ మోసం చేస్తాయి, అందుకే పోలికకు ఉంచిన మామూలు (కంట్రోల్) జాతితో 5–6 తరాలు మళ్లీమళ్లీ జతకట్టించండి (బ్యాక్‌క్రాస్). అప్పటికీ తేడా నిలిస్తే రెస్క్యూకి, అంటే పాడైన జన్యువు పనిని తిరిగి పెట్టి చూడటానికి, వెళ్లండి. ఉదాహరణకు, రుటబాగా మ్యూటెంట్‌లో కేంప్ (cAMP, కణంలో సంకేతం మోసే అణువు) తయారుచేసే రుటబాగా ఎంజైమును మష్రూమ్ బాడీల్లో (ఈగ మెదడులో వాసన జ్ఞాపకాలుండే భాగాలు) మాత్రమే తిరిగి పెడితే జ్ఞాపకం తేరుకుంటుంది. చల్లగా ఉన్నంతకాలం తిరిగి పెట్టిన జన్యువును ఆపి ఉంచే గాల్80-టీఎస్ అనే ప్రోటీన్‌ను కలిపి, ఈగ పెద్దదయ్యాకే 30 డిగ్రీలకు మార్చి జన్యువును నడిపిస్తే, లోపం మెదడు ఎదుగుదలదా, నేర్చుకునే క్షణానిదా అన్నది బయటపడుతుంది.